వంద అడుగుల దూరం

మ్వాంజా,
మార్చి 9

ప్రియమైన న్యేమోకి,

సార్జంటువయ్యి ఏడు నెలలైందా! ఇంత తాపీగానా చెప్పడం? హాస్టల్లో వార్డెను బెత్తం ఎత్తుకెళ్ళి బావిలో పడేసిన పిల్ల ఇవాళ తనే లాఠీ పట్టుకుందని చదివి, వార్డులో అందరూ చూస్తుండగా పగలబడి నవ్వాను. మీ ఆయనకి నా తరఫున సానుభూతి చెప్పు.

ఇక పని మాట. మా ఆసుపత్రిలో క్యాన్సరుకి కిరణాలు పెట్టే యంత్రం గురించి నీకు చెప్పాను కదా. దాని ప్రాణమంతా బొటనవేలంత కోబాల్టు ముక్కలో ఉంటుంది. ఐదేళ్ళు తిరిగేసరికి దాని బలం సగమైపోతుంది. మా దగ్గరున్నది పదకొండేళ్ళ నాటిది. రెండు నిమిషాల్లో అయ్యే వైద్యానికి ఇప్పుడు తొమ్మిది నిమిషాలు పడుతోంది. పొద్దున ఆరింటికి యంత్రం దగ్గర కూర్చుంటే చీకటి పడ్డా లేవం. అయినా వరండాలో చాపల మీద రెండువందల పన్నెండు మంది మిగిలిపోతున్నారు. అందులో ఒక టీచరమ్మ ఉంది, గొంతులో పుండు. రోజూ నన్ను చూసి వేళ్ళతో అడుగుతుంది, ఇంకెన్ని రోజులని. నేను వేళ్ళతోనే అబద్ధం చెబుతాను.

కొత్త ముక్క ఓడ మీద దారెస్సలాంకి వస్తోంది. అక్కడినుంచి లారీలో రావాలి. సీసం నింపిన ఇనుప పీపాలో పెట్టి పంపుతారు. ఎత్తునుంచి పడేసీ, నిప్పుల్లో కాల్చీ చూశాకే ఆ పీపాకి అనుమతి ఇస్తారు. అయినా దారిలో ఏదైనా జరిగితే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ప్రతి మజిలీలోనూ ఉండాలని నియమం. మజిలీలు పదకొండు. ఆ జాబితా రాయడం నా వంతు వచ్చింది. మీ కిలింబా పేరు చూడగానే ఇంకేమీ ఆలోచించకుండా నీ పేరు రాసేశాను. అడక్కుండా రాసినందుకు తిట్టుకో. కానీ కాదనకు.

పుస్తకం ఒకటి పంపుతున్నాను, పద్దెనిమిది పేజీలే. కిరణాలు కొలిచే చిన్న మీటరు కూడా వస్తుంది, వచ్చే నెలలో.

నీ జాబు కోసం బస్సు కండక్టరుని రోజూ పీక్కుతినే
కబులా


కిలింబా,
ఏప్రిల్ 14

ప్రియమైన కబులా,

తిట్టుకున్నాను, రెండు రోజులు. మూడో రోజు నీ పుస్తకం చదివాను. నాలుగో రోజు ఊరి మీటింగు పెట్టాను.

ఏమైందో చెబితే నవ్వుతావు. స్కూలు చావిడి నిండిపోయింది. నేను బోర్డు మీద మూడు రెక్కల పసుపుపచ్చ గుర్తు గీసి, "ఈ గుర్తున్న లారీ మన ఊరి మీదుగా వెళ్తుంది" అన్నానో లేదో, మజెంగో పెద్దాయన లేచాడు. "మా మేకలు చూలు నిలవకపోతే ఎవడిది పూచీ?" అన్నాడు. వెనకనుంచి ఇంకొకడు, "మేకల సంగతి సరే, మగాళ్ళ సంగతేంటి సార్జంటమ్మా?" అన్నాడు. ఇక నవ్వులు, అరుపులు.

వాళ్ళందర్నీ మించిపోయింది చిపాండా వాళ్ళమ్మ. బస్టాండులో మైదాపిండి మందాజీలు, ఎండుచేపలు వేయించి అమ్ముతుంది. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ మూకుడు మీదే పెంచింది. నోరు తెరిస్తే బస్సులు కూడా పక్కకి తప్పుకుంటాయి. ఆవిడ ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఆ పీపా పక్కన మూకుడు పెడితే బొగ్గు లేకుండానే మందాజీలు వేగుతాయా?" అంది. నేను కోపం దిగమింగి, వేగవన్నాను. "అయితే నాకేం లాభం? పోనీ నువ్వు చెప్పేదేదో చెప్పు, సరదాగా ఉంది" అంది.

చెప్పాను. గాలి ఎటునుంచి వస్తుందో అటువైపు నిలబడాలి. వంద అడుగుల దూరంలో తాడు కట్టాలి. లోపలికి ఎవరెవరు వెళ్ళారో పేర్లు రాయాలి. తినకూడదు, తాగకూడదు, చుట్ట కాల్చకూడదు. నీళ్ళ పీపాని ఎద్దుబండి మీదనుంచి దొర్లించి సాధన కూడా చేశాం. నేను "గాలి ఎటు?" అని అరిస్తే, చిపాండా వాళ్ళమ్మ మిగతావాళ్ళకి నన్ను అనుకరించి చూపిస్తోంది, నడుం మీద చెయ్యేసి, నా యాసలోనే. మొత్తం ఊరు పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

అయినా ఇంకో రెండుసార్లు చేయిస్తాను. ఆ టీచరమ్మ వేళ్ళు నా కలలోకి కూడా వచ్చాయి మరి.

మీటరు ఎప్పుడొస్తుంది? అది చేతిలో ఉంటే నాకు ధైర్యం. లేకపోతే నేనూ మజెంగో పెద్దాయనలాంటిదాన్నే, భయమైతే భయమే.

ఒంట్లో బాగానే ఉంది. ఎండలకి కాబోలు, ఎండుచేప వాసన పడటం లేదు. బస్టాండువైపు పోవడం మానేశాను.

ప్రేమతో, కొంచెం కోపంతో
నీ న్యేమో


మ్వాంజా,
మే 11

ప్రియమైన న్యేమోకి,

ఓడ వచ్చేసింది. లారీ ఈ నెల ఇరవై ఆరున బయల్దేరుతుంది. ముందు కాపలా జీపు, అందులో మీటరు పట్టుకుని మా ఆఫీసరు ఉంటాడు. మీ ఊరికి ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దునకి చేరాలి. మీ ఊరి చివర లారీల దొడ్డిలో ఒక పూట ఆగుతుంది.

మజెంగో పెద్దాయనకి చెప్పు, పీపా మూత తియ్యనంతసేపూ ఆయన మేకలకి వచ్చిన భయమేమీ లేదని. పక్కన నిలబడ్డ మగాళ్ళకి కూడా.

నీ మీటరు ఇంకా రాలేదు. దారిలో ఉంది.

పుస్తకంలో ఆరో పేజీ మళ్ళీ చదువు. నేను ఎర్ర సిరాతో గీత పెట్టాను. ప్రాణం అన్నిటికంటే ముందు. మీటరు లేదనో, ఆఫీసరు రాలేదనో గాయపడ్డవాణ్ణి వదిలెయ్యకూడదు. గబగబా వెళ్ళాలి, పీపాని ముట్టుకోకూడదు, మనిషికి చేయాల్సింది చేసి బయటికి రావాలి. కడుపుతో ఉన్నవాళ్ళని, పిల్లల్ని మాత్రం తాడు లోపలికి రానివ్వకూడదు. ఇవన్నీ అవసరం పడకూడదనే నా మొక్కు.

నువ్వు అక్కడున్నావన్న ధీమాతో ఇక్కడ నిద్రపోతున్నాను.

నీ
కబులా


మ్వాంజా,
జూన్ 20

నా బంగారు న్యేమోకి,

లారీ వచ్చి మూడు వారాలైంది, నీ దగ్గరినుంచి ఒక్క ముక్క లేదు. స్టేషనుకి ఫోను చేస్తే "సార్జంటుగారు రౌండ్సులో ఉన్నారు" అంటారు. ఇరవై నాలుగు గంటలూ రౌండ్సేనా?

సరే, నువ్వు రాయకపోతే నేనే రాస్తాను. ఆఫీసరు వచ్చి అంతా చెప్పాడు. జీపు టైరు పేలి వెనక నిలిచిపోవడం, లారీల దొడ్డి చేరి ఆగమని లారీని ముందు పంపడం, మీ ఊరి వాగు దగ్గర ఆవుల మంద అడ్డం రావడం, లారీ గట్టు దిగి పడిపోవడం. గంట తర్వాత వాళ్ళు చేరేసరికి తాడు కట్టి ఉందట, పేర్ల జాబితా రాసి ఉందట, డ్రైవరు తొడ గాయంలోంచి రక్తం ఆగి ఉందట. మీటరు పెట్టి చూస్తే పీపా చెక్కు చెదరలేదు. ఎవరికీ ఏమీ అంటలేదు. "నేను ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను, పాఠం చెప్పినట్టు జరగడం మాత్రం కిలింబాలోనే చూశాను" అన్నాడు ఆఫీసరు. పత్రికలో నీ ఫోటో చూశాను, చేతి మైకు పట్టుకుని, టోపీ వంకరగా. 'డ్రైవరు ప్రాణం కాపాడిన సార్జంటు.' దాన్ని కత్తిరించి మా యంత్రం గది తలుపుకి అంటించాను.

జూన్ తొమ్మిదిన కొత్త ముక్క యంత్రంలోకి చేరింది. ఇప్పుడు ఒక్కొక్కరికి రెండు నిమిషాలే. చాపలు సగం ఖాళీ అయ్యాయి. టీచరమ్మ నిన్న నీ ఫోటో ముందు నిలబడి, రెండు చేతులూ గుండెకి ఆనించుకుంది. ఆవిడ ఇంకా మాట్లాడలేదు. కానీ గంజి మింగుతోంది న్యేమో! నెలన్నర తర్వాత గంజి మింగింది! ఈ వార్త నీకు తప్ప ఎవరికి రాసుకోను?

నీ పేరుతో ఒక ప్రశంసాపత్రం తయారవుతోంది. పెద్ద అక్షరాలతో. త్వరలో పంపిస్తారు.

రెండువందల పన్నెండు మంది తరఫున
నీ కబులా


కిలింబా,
జూలై 2

ప్రియమైన కబులా,

టీచరమ్మ గంజి మింగినందుకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. ఆ ఒక్క వాక్యాన్ని పదిసార్లు చదువుకున్నాను.

ప్రశంసాపత్రం పంపించవద్దని చెప్పు. తలుపు మీది ఫోటో తీసెయ్యి. నన్ను ధైర్యవంతురాలు అనకు. ఎందుకని అడగకు.

బాగానే ఉన్నాను. అలసటగా ఉంది, అంతే.

న్యేమో


మ్వాంజా,
జూలై 19

ప్రియమైన న్యేమోకి,

నీ నాలుగు ముక్కల జాబు చూసి మొదట మనసు చివుక్కుమంది. తర్వాత భయం వేసింది. నా మీద కోపమేమో అనుకున్నాను. ఉండాల్సిన కోపమే.

నీకొక సంగతి చెప్పాలి. మీటరు దారిలో ఉందని మే నెలలో రాశాను. అప్పటికే నాకు తెలుసు, అది లారీకి ముందు రాదని. మీటర్లు పదకొండు ఊళ్ళకీ చేరాయని కాగితం మీద ఎవరో ఒకరు సంతకం చేస్తే తప్ప లారీ కదలదు. లారీ ఇంకో రెండు నెలలు ఆగితే చాపల మీద ఎంతమంది ఉండరో నేను లెక్క కట్టుకున్నాను. కట్టుకుని, సంతకం చేశాను. ఆ రాత్రి నుంచి మీ పదకొండు ఊళ్ళనీ ఖాళీ చేతులతో నిలబెట్టానన్న మాట నన్ను తినేస్తోంది. నువ్వు మీటరు లేకుండా, అది పగిలిందో లేదో తెలియకుండా, లోపలికి వెళ్ళావు. నిన్ను అలా పంపింది నా సంతకం.

పోయిన వారం మా పెద్దడాక్టరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. జాబితా పని నా దగ్గరినుంచి తీసేశారు. మీటర్లు కళ్ళతో చూసి లెక్కపెట్టకుండా ఇక ఏ లారీ కదలకూడదని రాసిపెట్టారు. నీది ఈ బస్సులోనే వస్తోంది, కండక్టరు చేతికి నేనే ఇచ్చాను.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. అడుగుతున్నాను.

నీ
కబులా


కిలింబా,
సెప్టెంబరు 30

ప్రియమైన, పిచ్చి కబులా,

మీటరు అందింది. నీ ఉత్తరమూ అందింది. రెండు నెలలు జవాబివ్వకపోవడం కోపం వల్ల కాదు. నీ నిజానికి బదులు నా నిజం చెప్పాలి కదా, దానికి ధైర్యం కూడగట్టుకోవడానికి ఇంతకాలం పట్టింది. మొన్న జరిగినదాంతో ఆ ధైర్యం వచ్చింది.

నేను లోపలికి వెళ్ళలేదు కబులా.

ఆ రోజు నేను వాగు దగ్గరికి చేరేసరికి లారీ పక్కకి పడి ఉంది. పీపా గొలుసులు తెగలేదు, పైకి బాగానే కనబడుతోంది. లోపల సంగతి ఎవరికి తెలుసు? జనం పరిగెత్తి ఎక్కడో దూరాన ఆగారు. క్యాబిన్‌లోంచి డ్రైవరు "అమ్మా, అమ్మా" అంటున్నాడు. గాలి చూశాను, తాడు కట్టించాను. ఆరో పేజీ నాకు కంఠతా వచ్చు. ప్రాణం ముందు. తాడు దగ్గర నిలబడ్డాను, అడుగు పడలేదు.

ఆ పేజీలోనే తర్వాతి వాక్యం కూడా ఉందిగా, కడుపుతో ఉన్నవాళ్ళ గురించి. నాకప్పుడు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నీకు ముందే చెప్పుకున్నాను, రెండుసార్లూ తర్వాత నిలవలేదని ఏడుస్తూ రాసుకున్నాను. ఈసారి గట్టిగా నిలిచేదాకా ఎవరికీ నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి మా ఆయనకి కూడా చెప్పలేదు. నియమం ప్రకారమే ఆగానని ఇప్పుడు అనగలను. కానీ ఆ క్షణంలో నన్ను ఆపింది నియమమో, పిరికితనమో, నాకే తెలియదు.

అప్పుడు చిపాండా వాళ్ళమ్మ నా పక్కకి వచ్చింది, చేతులకి పిండితోనే. నా ముఖం చూసింది, నా పొట్ట చూసింది.

"ఎన్నో నెల?" అంది.

నేను పొట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నా చేపల వాసనకి ముక్కు మూసుకుని రెండు నెలల్నుంచి చుట్టూ తిరిగి పోతున్నావు, నాకు తెలీదనుకున్నావా? ఇక్కడే నుంచో. నోరుంది కదా, అది వాడు. ఏం చెయ్యాలో అరిచి చెప్పు, నేను చేస్తా."

"అమ్మా, పీపా పగిలిందో లేదో నాకు తెలీదు. మీటరు లేదు. వెళ్ళమని నేను చెప్పలేను."

"నువ్వు చెప్పట్లేదు, వాడు పిలుస్తున్నాడు. ఇంతమంది అమ్మలున్న ఊళ్ళో వాడు అమ్మా అని అరుస్తుంటే ఒక్కతైనా పలక్కపోతే ఎట్లా?"

తాడు కింద దూరి వెళ్ళిపోయింది. అద్దం పగిలిన చోటునుంచి లోపలికి పాకింది. నేను మైకులో అరిచాను, "గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా నొక్కు! చెయ్యి తియ్యకు!" భుజం మీది గుడ్డ తీసి నొక్కింది. అరగంటకి పైనే, చెయ్యి తియ్యకుండా. నిద్రపోనివ్వకుండా అతన్ని తిడుతూనే ఉంది. వాడి లారీని తిట్టింది, ఆవుల్ని తిట్టింది, వాడి అత్తగారిని కూడా తిట్టింది, ఆవిణ్ణి ఎన్నడూ చూడకపోయినా. మధ్యలో ఒక్కసారి తల బయటపెట్టి అడిగింది, "సార్జంటమ్మా, నా జుట్టు ఊడిపోతుందా?" "తెలీదమ్మా" అన్నాను. "సర్లే, ఎలాగూ పల్చబడింది" అని మళ్ళీ లోపలికి పోయింది.

చేతులు నోటి దగ్గరికి పోనివ్వలేదు, పీపావైపు చూడను కూడా చూడలేదు. నేను చెప్పిన ప్రతి మాటా ఆవిడకి గుర్తుంది. నన్ను వెక్కిరించడానికైనా అన్నీ విని ఉండాలి కదా! ఆవిడ పనంతా చూశాక, మొహాన గుడ్డలు కట్టుకుని నలుగురు మగాళ్ళు వెళ్ళారు, ఇరుక్కున్న డ్రైవరు కాలు బయటికి లాగడానికి. అందులో మజెంగో పెద్దాయన ఒకడు.

ఆఫీసరు వచ్చి అందరికీ మీటరు పెట్టి ఏమీ లేదనేసరికి, చిపాండా వాళ్ళమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత లేచి, "మూకుడు పొయ్యి మీదే వదిలొచ్చా" అని ఉరికింది. పత్రికవాళ్ళు వచ్చేసరికి తాడు దగ్గర యూనిఫాంలో నేనొక్కదాన్నే ఉన్నాను. "నేను కాదు" అనాలి. అంటే "మరి మీరెందుకు వెళ్ళలేదు?" అని అడుగుతారు. నోరు మూసుకున్నాను. ఒకరోజు మూసుకుంటే రెండో రోజు తెరవడం ఇంకా కష్టమైంది. చిపాండా వాళ్ళమ్మ ఒక్క మాట అనలేదు. నా గుట్టు నాకే వదిలేసింది.

మొన్న శనివారం డ్రైవరు వచ్చాడు. బ్యాబాటో అని పేరు, మీ మ్వాంజా సరస్సుకి అవతలివాడు. కర్ర పట్టుకుని కుంటుతూ, బుట్టెడు పచ్చి చేపలు మోసుకుంటూ స్టేషనులోకి వచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చోబోయాడు. "పేపర్లో చూశానమ్మా. ఆ రోజు కళ్ళలోకి రక్తం కారి నాకేమీ కనబడలేదు" అన్నాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆ మర్యాద కూడా నాదైపోయేది.

"లే అన్నా, నాతో రా" అన్నాను.

బస్టాండుకి తీసుకెళ్ళాను. చిపాండా వాళ్ళమ్మ వీపు మాకు పెట్టి, చిల్లర తక్కువిచ్చిన కండక్టరు ఏడు తరాలనీ కడుగుతోంది. బ్యాబాటో నిలబడిపోయాడు. కర్ర జారిపోయింది.

"ఈ గొంతే" అన్నాడు. "ఈ గొంతే, మా అత్తని తిట్టింది."

ఆవిడ తిరిగి చూసింది. తర్వాత ఆవిడ, "చూసి నడువు, కింద నూనె ఉంది. ఆ కాలు మళ్ళీ విరగ్గొట్టుకుంటే ఈసారి నేను రాను" అంది. అతను ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. వదల్లేదు. మూకుట్లో మందాజీలు మాడిపోయినా ఆవిడ చెయ్యి లాక్కోలేదు.

నేను అక్కడే బల్ల ఎక్కాను కబులా. మైకు లేకుండానే అరిచాను. ప్రాణం కాపాడింది ఈమె అని, నేను తాడు దగ్గరే ఆగిపోయానని, పేపర్లో వచ్చింది తప్పని, ఎందుకు ఆగానో కూడా. మొత్తం చెప్పాను. మజెంగో పెద్దాయన నెమ్మదిగా, "దిగు తల్లీ, ఏడో నెలలో బల్లలెక్కకూడదు" అన్నాడు. చిపాండా వాళ్ళమ్మ అంది, "ఇప్పుడా చెప్పేది? ఊరందరికీ ఎప్పుడో తెలుసు. నువ్వు ఎప్పుడు చెబుతావోనని పందేలు కాస్తున్నారు."

లోపలికి వెళ్ళింది నేను కాదని మా ఆయనకి కూడా తెలుసట. ఆయన పందెం ఓడిపోయాడు.

కాబట్టి ఆ ప్రశంసాపత్రంలో పేరు మార్పించి పంపించు. చిపాండా వాళ్ళమ్మ అసలు పేరు అడిగాను, ఇన్నేళ్ళలో ఊళ్ళో ఎవరూ అడగలేదట. ఆవిడ పేరు సెచెలెలా. పెద్ద అక్షరాలతో రాయించు.

ఇక నీ సంతకం సంగతి. తప్పే. నువ్వే వెళ్ళి ఒప్పుకున్నావు కాబట్టి దాని మీద నేను ఇంకో మాట అనను. నీకు చాపల మీది మనుషులు కనబడ్డారు, నాకు నా కడుపులో పాప కనబడింది. మన ఇద్దరి భయాలకీ మధ్యలో ఒక మనిషి నిలబడింది. మనం ఆవిడకి ఋణపడ్డాం. టీచరమ్మ కూడా. ఏదో ఒకరోజు ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురా, మందాజీలు తినిపిస్తాను. నాకు ఇప్పుడు చేపల వాసన కూడా బాగుంటోంది.

ఐదేళ్ళకి మళ్ళీ లారీ వస్తుందిగా. అప్పుడు ఏదైనా అయితే తాడు లోపలికి నేను వెళ్తాను. చిపాండా వాళ్ళమ్మ బయట నిలబడి మైకులో అరుస్తుందట. నన్నెలా తిట్టాలో ఇప్పటినుంచే సాధన చేస్తోంది.

నిండు మనసుతో, నిండు కడుపుతో
నీ న్యేమో